నీళ్ళు దేంట్లో తాగావు?

ఈ జబ్బు సంగతి రాయమని మా చెల్లెలు రూతు ఏళ్ళ తరబడి పోరుతోంది. ఎవరికైనా పనికొస్తుంది రాయమంది, వినలేదు. చివరికి "నీ గొప్పలు చెప్పుకోడానికైనా రాయవే" అంది. గొప్పలు చెప్పుకోవడం నాకు మొదటినుంచీ ఇష్టమే కాబట్టి కూర్చున్నాను.

1984

ముందు గొప్పలే చెబుతాను. ఇరవై రెండేళ్ళకి బాపట్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరునయ్యాను. అప్పటికింకా డయలు తిప్పే ఫోన్లు రాలేదు. ఎవరైనా రిసీవరు ఎత్తితే నా ఎదుట బోర్డు మీద చిన్న మూత పడేది. "నంబర్ ప్లీజ్" అని అడిగి, తాడు తీసి ఇటు గుచ్చి, అటు గుచ్చి కలపడమే పని. కొత్తలో అందరూ నంబరే చెప్పేవాళ్ళు. ఆరు నెలలు తిరిగేసరికి చెప్పడం మానేశారు. "సలోమమ్మా, మా బావమరిదికి కలుపు" అంటే చాలు, ఏ బావమరిదో, ఏ నంబరో నాకు తెలిసేది. పై ఊళ్ళకి వెళ్ళే ట్రంకు కాల్స్ మూడు నాలుగు చేతిలో పెట్టుకుని, ఎవరు ముందో ఎవరు వెనకో కాయితం చూడకుండా నడిపేదాన్ని. మా సూపర్‌వైజరు లీలావతి గారు కొత్తగా వచ్చిన అమ్మాయిలకి నన్ను చూపించి, "అదిగో, మన డైరెక్టరీ" అనేవారు. నా తల మీద నాకు అంత పొగరుండేది. అందం లేదు, ఆస్తి లేదు, తల ఉంది.

మాది రేపల్లె. నాన్న మిషన్ బడిలో మాస్టారు. అమ్మ నాన్నకి స్వయానా మేనమామ కూతురు. మేం ముగ్గురం పుట్టాం. మా అన్నయ్య ప్రభుదాసు పదహారేళ్ళకే కామెర్లతో పోయాడు. పసరు పోయించారు, పథ్యం పెట్టారు, ప్రార్థనలు చేయించారు. కడుపు ఉబ్బి, ఒళ్ళంతా పసుపు ముద్దయి పోయాడు. ఆ తరవాత ఎవరో అమ్మకి చెప్పారు, రాగిచెంబులో రాత్రంతా నిలవున్న నీళ్ళు పరగడుపున తాగితే కడుపులో చెడు ఉండదని. అమ్మ అటక మీదనుంచి తన పెళ్ళికి పుట్టింటివాళ్ళిచ్చిన రాగిచెంబు దించి, చింతపండు పెట్టి తళతళా తోమింది. ఇక పొద్దున్న లేవగానే ప్రార్థనకంటే ముందు ఆ నీళ్ళు. ఆదివారం గుడినుంచి రాగానే మేక కార్జం వేపుడు. ఉన్న ఇద్దరినీ దక్కించుకోవాలని ఆవిడ తాపత్రయం.

రూతు బాపట్ల కాలేజీలో డిగ్రీలో చేరింది. ఇద్దరం ఒక గది తీసుకున్నాం. చెంబు కూడా మాతోపాటే వచ్చింది. నేను మాట వినే పిల్లని. రోజూ నా వంతు తాగేదాన్ని. రూతు మాత్రం నోరు చేదంటూ తన వంతు గుమ్మం పక్క గులాబీ కుండీలో పోసేది. అమ్మకి చెబుతానని బెదిరించేదాన్ని. చెప్పలేదు కానీ, వృథా ఎందుకని అప్పుడప్పుడు దాని వంతూ నేనే తాగేశాను.

1986

ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. మతిమరుపు అంటే పేర్లు మరిచిపోవడం అని జనం అనుకుంటారు. నాకు పేర్లు పోలేదు, నంబర్లూ పోలేదు. వరస పోయింది. చీరాల కాల్ వస్తుండగా గుంటూరు కాల్ కూడా కావాలని ఇంకెవరో అడిగితే, రెండోది ముట్టుకోగానే మొదటిది నా చేతిలోంచి జారిపోయేది. ఇంట్లో ఎసరు పెట్టి బియ్యం పోయడం మరిచేదాన్ని. ఒకరోజు బియ్యం పోసి నీళ్ళు పోయలేదు. గిన్నె మాడిపోయి రూతు తిడుతుంటే, ఎందుకు తిడుతోందో నాకు నిజంగానే అర్థం కాలేదు.

ఇంకో చిత్రం, నవ్వు. సంఘంలో ఒక పెద్దాయన పోతే వాళ్ళింట్లో ఆదరణ కూటానికి వెళ్ళాం. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆ ఇంటి ఆడవాళ్ళు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. గదికొచ్చి ఏడిస్తే ఆ ఏడుపూ ఆగలేదు. నా సంతకం చీమంత అయింది. తాడు గుచ్చబోతే చెయ్యి ఒణికి పక్క కన్నంలోకి పోయేది.

ఊళ్ళో తలోమాట అన్నారు. ప్రేమలో పడిందన్నారు. పొగరు నెత్తికెక్కిందన్నారు. ఇంతకీ ప్రేమ ఎవరితోనని రూతు అడిగితే, స్తంభాలెక్కే లైన్‌మన్‌తో అట. ఆ లైన్‌మన్‌కి మనవలున్నారు.

1987, ఎండాకాలం

బట్టలకొట్టు కోటేశ్వరరావు గారు కూతురికి సంబంధాలు చూస్తున్నారు. చీరాలలో రెండు వచ్చాయి. ఒకటి ఖాయం చేసుకుంటున్నారనీ, రెండోది వద్దని చెప్పేశారనీ ఊరంతటికీ తెలుసు, నాకు ఇంకాస్త ముందే తెలుసు. ఆరోజు ఆయన ఖాయం చేసుకునేవాళ్ళకి కలపమన్నారు. నేను వద్దన్నవాళ్ళకి కలిపాను. ఆయన ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోకుండా "ముహూర్తాలు పెట్టుకుందాం బావగారూ" అనేశారు. అవతలివాళ్ళు ఆనందంగా సరేనన్నారు.

నన్ను సీటులోంచి లేపేశారు. లీలావతి గారు అందరి ఎదుటా ఒక్క మాటనలేదు. బయటికి తీసుకెళ్ళి సోడా తాగించారు. "నీ సీటు నేను చూసుకుంటాను. నువ్వు సెలవు పెట్టి ముందు కళ్ళు చూపించుకో. కన్నం పక్కన గుచ్చుతున్నావంటే చూపు తేడాగా ఉండుండాలి" అన్నారు. ఆవిడ అనుకున్నట్టు నా చూపుకేం తేడా లేదు, అయినా ఆ మాటే నన్ను బతికించింది.

కానీ కళ్ళదాకా వెళ్ళడానికి మాకు ఆరు నెలలు పట్టింది. ముందు నన్నూ చెంబునీ రేపల్లె తీసుకొచ్చారు. నరాల బలహీనత అని అమ్మ తేల్చేసింది. రాగిచెంబు నీళ్ళు రెండు పూటలయ్యాయి. కార్జం వారానికి మూడుసార్లు. నాన్న సైకిలు మీద పెనుమూడి వెళ్ళి రొయ్యలు తెచ్చేవారు. ఎంత బలం పెడితే అంత నీరసపడ్డాను. నాలుక మందమై మాట ముద్దగా వచ్చేది. అన్నం తింటుంటే చొంగ కారేది. అమ్మ కొంగుతో తుడిచి ఇంకో కార్జం ముక్క నోట్లో పెట్టేది.

తర్వాత తెనాలి. రేపల్లె ప్యాసింజరులో తెనాలి, మళ్ళీ సాయంత్రం ప్యాసింజరులో వెనక్కి. ఎన్ని ఆసుపత్రుల బెంచీల మీద కూర్చున్నామో. ఒకాయన టానిక్కు రాశారు. ఒకాయన ఇది మనోవ్యాధి, పెళ్ళి చేస్తే పోతుందన్నారు. నాన్న మర్యాదగా తల ఊపి బయటికొచ్చి, "పెళ్ళితో జబ్బులు పోతే ఈ ఊళ్ళో డాక్టర్లెందుకు" అన్నారు. ఆ యేడాదంతటిలో నేను సరైన చోట నవ్విన నవ్వు అదొక్కటే.

ఆ బెంచీల మీద తెలియనివాళ్ళే ఎక్కువ దయ చూపించారు. కొల్లూరు లంకనుంచి కోడలిని తీసుకొచ్చిన ఒక ముసలామె నా చొంగ చూసి మొహం తిప్పుకోలేదు. గంపలోంచి అరటిపండు తీసి ఒలిచి, చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టింది. "మింగమ్మా, నిదానంగా మింగు. నీ బండేం వెళ్ళిపోవట్లేదు" అంది. ఆమె పేరు అడగలేకపోయాను, నా నోటికి మాట రాక.

లోపల నా భయం ఎవరికీ చెప్పలేదు. చచ్చిపోతానని కాదు. రాత్రి పడుకుని బాపట్ల నంబర్లు ఒకటి మొదలుకుని అప్పజెప్పుకునేదాన్ని. ముందు నూరు దాటేదాన్ని. తర్వాత యాభై. తర్వాత ఇరవై దాటాక ఎక్కడున్నానో తెలిసేది కాదు. నా తల నా కళ్ళెదుటే ఖాళీ అవుతోంది. అది పోయాక మిగిలేది నేను కాదు. బతికి ఉండీ నేను లేకుండా పోతానని భయం.

1987, చలికాలం

చివరికి లీలావతి గారు రేపల్లె వచ్చి కళ్ళు చూపించారా అని అడిగారు. లేదంటే నాన్నమీద కోప్పడ్డారు. మర్నాడే అమ్మా నాన్నా నేనూ తెనాలి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

ఆయన అద్దాల కోసమే చూడబోయారు. గడ్డం యంత్రం మీద ఆనించమన్నారు. దీపం వేసి చూశారు. ఆర్పి, మళ్ళీ వేసి చూశారు. రెండో కన్ను కూడా అలాగే చూశారు. తర్వాత కుర్చీ జరుపుకుని, నన్ను కాకుండా నాన్నని చూశారు.

"మాస్టారూ, మీ ఇంట్లో చిన్న వయసులో కామెర్లతో పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

కళ్ళ డాక్టరు కామెర్ల సంగతి ఎందుకడుగుతున్నాడో మాకు అర్థం కాలేదు. నాన్న, "మా పెద్దబ్బాయండి. పదహారేళ్ళకి" అన్నారు.

"మీ దంపతులది మేనరికమా?"

"అవునండి."

ఆయన నిదానంగా చెప్పారు. మనం తినే తిండిలో కాస్త రాగి ఉంటుందట. అందరి ఒళ్ళూ అక్కర్లేనిది బయటికి తోసేస్తుంది. నా ఒళ్ళు తొయ్యదు, దాచుకుంటుంది. ముందు కార్జంలో, తర్వాత తలలో, తర్వాత కంటిలో. నా నల్లగుడ్డు చుట్టూ రాగి ఉంగరంలా గీత పడిందట. అన్నయ్యకి కార్జం దగ్గరే ప్రాణం తీసింది, నాకు తలకెక్కింది. అమ్మ దగ్గరా నాన్న దగ్గరా ఒక్కో పాలు దాగి ఉంది, రెండూ కలిస్తే జబ్బవుతుంది. "రక్తంలో వచ్చి తలకెక్కే జబ్బుల్లో మందున్నవి చాలా తక్కువ మాస్టారూ. దీనికి మందుంది" అన్నారు.

మందుందన్న మాట మా అమ్మ చెవిన పడలేదు. రాగి దగ్గరే ఆగిపోయింది. నిలబడే అడిగింది.

"నేను పన్నెండేళ్ళనుంచి రాగిచెంబులో నీళ్ళు పోస్తున్నానండి. రోజూ. కార్జం కూడా పెట్టాను. దానిలోనూ ఉంటుందా అండి?"

ఉంటుందనే ఆయన చెప్పారు. అబద్ధం చెప్పలేదు. కానీ లేచి అమ్మ దగ్గరికొచ్చారు. "చెంబు ఈ జబ్బుని తేలేదమ్మా. చెంబు లేకపోయినా వచ్చేదే. నీళ్ళు పోసింది మీరు, జబ్బుని పోసింది మీరు కాదు. ఇకమీదట వద్దు, అంతే. కార్జం, రొయ్యలు, జీడిపప్పు అన్నీ వద్దు" అన్నారు. తర్వాత "చిన్నమ్మాయిని కూడా తీసుకురండి. ఇవాళ బాగున్నా సరే తీసుకురండి" అన్నారు.

తిరుగు ప్యాసింజరులో అమ్మ ఏడవలేదు. రేపల్లెలో దిగి ఇంటికి రాకుండా గిన్నెల కొట్టుకి వెళ్ళి అన్ని ధరలూ అడిగొచ్చింది. మర్నాడు పొద్దున్న చెంబూ, దాంతోపాటు ఇంట్లో ఉన్న రాగి సామానంతా మూటకట్టి తీసుకెళ్ళి ఇచ్చేసి స్టీలు బిందె, నాలుగు స్టీలు గ్లాసులు తెచ్చింది. గ్లాసుల మీద పేర్లు కొట్టించింది. నాన్న పేరు, తన పేరు, రూతు, సలోమి. పుట్టింటి చెంబు కదా, ఉంచుకోవలసిందని నాన్న గొణిగితే, "నా పుట్టింటినుంచీ మీ పుట్టింటినుంచీ వచ్చింది ఇప్పటికే చాలు" అంది.

1988

పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి ఖాయం చేశారు. రూతుకీ ఉంది. ఒంటిమీద ఏ గుర్తూ లేదు, పరిగెత్తి బస్సెక్కే పిల్ల. లోపల మాత్రం పోగవుతోంది. అందుచేత ఇద్దరికీ ఒకే క్యాప్సూల్స్, పరగడుపున, జీవితాంతం.

ఆ క్యాప్సూల్స్ తెనాలిలో దొరకవు, గుంటూరులో దొరకవు. మద్రాసునుంచి రావాలి. ఏంచేయాలో తెలియక నాన్న అవస్థ పడుతుంటే కోటేశ్వరరావు గారు మా ఇంటికొచ్చారు. దెబ్బలాటకే వచ్చారనుకుని నాన్న లేచి నిలబడ్డారు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఆ తప్పు నంబరువాళ్ళకే ఇచ్చి చేశామండి మా అమ్మాయిని. మాటిచ్చాను కదా, వెనక్కి తీసుకుంటే బాగుండదని వెళ్ళి చూస్తే కుర్రాడు బంగారం. మేం ఖాయం చేసుకుందామనుకున్నవాడు తాగుబోతని తర్వాత తెలిసింది" అన్నారు. బట్టల సరుకు కోసం మద్రాసు మనిషి నెలనెలా వెళతాడు, మందు అతని చేత తెప్పిస్తానన్నారు. అన్నట్టుగానే తెప్పించారు, ఒక్క నెల కూడా తప్పలేదు.

ఇదే మందు వాడుతున్నవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. మందు మొదలెట్టగానే నాకు తగ్గలేదు, పెరిగింది. ఇలా జరగొచ్చని డాక్టరు ముందే చెప్పారు కానీ, చెప్పినది వేరు, పడేది వేరు. మాట దాదాపు పడిపోయింది. చెంచా నోటిదాకా రాలేదు. నాన్న ధైర్యం చెదిరి ఆపేద్దామన్నారు. నేను కూడా ఆపేద్దామనే పెదవులు బిగించాను.

రూతు నా ఎదురుగా చాపమీద కూర్చుని తన క్యాప్సూలు మింగింది. నేను ముద్ద మాటలతో, నీకు జబ్బు కనిపించట్లేదు కదా, ఎందుకు మింగుతున్నావని అడిగాను.

"నీలాగా అవకుండా ఉండడానికి" అంది. "నిన్ను చూశాకే మింగుతున్నాను. నువ్వు మానేస్తే నేనూ మానేస్తాను. తర్వాత ఇద్దరం ఒకేచోట కూర్చుని చొంగ కారుద్దాం."

ఇంత మొహమాటం లేని పిల్ల ఏ ఇంట్లోనూ ఉండదు. నోరు తెరిచాను.

ఆ వానాకాలం దాటింది. ఒక ఆదివారం నన్ను రెండు చేతులా పట్టుకుని గుడికి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళ వైపు చివరి చాపమీద గోడకి ఆనుకుని కూర్చున్నాను. పాస్టరు అయ్యగారు పాట నంబరు చెప్పి మొదటి చరణం చదివారు. నంబరు ఒకటి, చరణం ఇంకోటి. జనం పుస్తకాలు తిరగేస్తున్నారు. నా నోట్లోంచి అసలు నంబరు దానంతటదే వచ్చింది. ముద్దగానే వచ్చింది, కానీ గట్టిగా వచ్చింది. అయ్యగారు పుస్తకం చూసుకున్నారు. కళ్ళజోడు సవరించుకుని, "సలోమమ్మ చెప్పిందే సరి" అన్నారు.

సంఘమంతా పాడింది. అమ్మ పాడలేదు. నా చెయ్యి పట్టుకుని మా అన్నయ్య పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఈసారి ఆపాలనుకున్నప్పుడు ఆగింది.

1989 తర్వాత

రెండేళ్ళ సెలవు తర్వాత బాపట్ల వెళ్ళాను. లీలావతి గారు సీటు చూసుకుంటానన్న మాట నిలబెట్టుకున్నారు. మొదట్లో రద్దీ లేని పూటే డ్యూటీ వేశారు. ఒక్కో కాల్ మాత్రమే చేతిలో పట్టుకుని, రెండోవాళ్ళని ఆగమని చెప్పి, మొదటిది పూర్తిచేసి, అప్పుడు రెండోది అందుకునేదాన్ని. పాత నంబర్లు తిరిగొచ్చాయి. కొత్తవి పడతాయా లేదా అన్నదే నా దిగులు. ఉన్నది దాచుకునే తల వేరు, కొత్తది పట్టే తల వేరు. ఒణుకు పూర్తిగా పోలేదు, ఇప్పటికీ కుడిచెయ్యి కొంచెం ఆడుతుంది. ఆడితే ఆడనీ.

అమ్మ మాత్రం మారిపోయింది. ఏ పెళ్ళికి వెళ్ళినా ముందు వంటల దగ్గరికి వెళ్ళి గుండిగలు రాగివేమోనని వేలితో గోకి చూసేది. వంటవాళ్ళు తిట్టేవాళ్ళు. మాకు నీళ్ళు సంచిలో తెచ్చేది. ఫోనులో దొరికితే బాగున్నావా అని అడగదు. "నీళ్ళు దేంట్లో తాగావు?" అని అడుగుతుంది. కంటి డాక్టరు ఎంత చెప్పినా ఆవిడ మనసులోంచి ఆ చెంబు దిగలేదని నాకు తెలుసు.

తొంభైల్లో మా ఎక్స్ఛేంజికి కూడా కొత్త యంత్రం వచ్చింది. ఇక ఎవరి నంబరు వాళ్ళే తిప్పుకుంటారు, బోర్డు తీసేస్తారు. ఆ చివరి రోజు మధ్యాహ్నం బోర్డు దగ్గర నన్నే కూర్చోబెట్టారు లీలావతి గారు. ఊళ్ళోంచి పాత చందాదారులు చాలామంది వచ్చారు. కోటేశ్వరరావు గారు బుట్టెడు స్వీట్లు తెచ్చారు. ఆయనే మొదలెట్టారు ఆట. పేరు చెబుతాం, నంబరు చెప్పమన్నారు. మిల్లు, సినిమా హాలు, కాలేజీ, కోర్టు గుమాస్తా ఇల్లు. అడిగినదల్లా చెప్పాను. రూతు కూడా తెనాలినుంచి వచ్చింది. అప్పటికి అక్కడ బడిలో టీచరు. దాని చెయ్యి ఎప్పుడూ ఒణకలేదు, మాట తడబడలేదు, ఒక్క రోజు కూడా మంచమెక్కలేదు.

"స్టేషన్ రోడ్డు కలప అడితి?" అన్నారు కోటేశ్వరరావు గారు.

నేను ఆగాను. గదిలో అందరూ ఆగారు. రూతు నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది. ఆయన కూడా అడిగినందుకు నొచ్చుకుంటున్నట్టు చూశారు.

"ఆ అడితికి ఫోను లేదండి" అన్నాను. "నేను సెలవులో ఉండగా ఎత్తేశారు. ఆ నంబరు ఇప్పుడు పశువుల ఆసుపత్రికిచ్చారు. మీ గేదెకి బాలేకపోతే చెప్పండి, కలుపుతాను."

అది జబ్బు పడ్డాక నేర్చుకున్న నంబరు. గది ఘొల్లుమంది. నేనూ నవ్వాను, నవ్వవలసిన చోటే.

రోగం ఇంకా నాలోనే ఉంది. క్యాప్సూలు మానితే మళ్ళీ వస్తుంది, అందుకే మానను. మీ ఇళ్ళల్లో చిన్న వయసులో కామెర్లతో పోయినవాళ్ళుంటే, ఉన్న పిల్లలు బాగున్నా సరే ఒకసారి చూపించండి. నేను చెప్పగల హితవు అంతే.

ఆ రోజు బోర్డు ఆపేముందు ఆఖరి కాల్ ఎవరికి కలుపుతావని లీలావతి గారు అడిగారు. రేపల్లె అయ్యగారింటికి కలిపాను. అమ్మని ముందే పిలిపించి ఉంచారు. నాన్న పక్కనుంచి ఏదో చెబుతున్నారు, అమ్మ వినిపించుకోవట్లేదు.

"నీళ్ళు దేంట్లో తాగావు?"

"నువ్వు పేరు కొట్టించిన గ్లాసులోనే అమ్మా. రూతు కూడా ఇక్కడే ఉంది. దాని గ్లాసు అది తెచ్చుకుంది."

అమ్మ ఊపిరి మాత్రం వినిపించింది. తర్వాత, ఇన్నేళ్ళలో మొదటిసారి, అందరు అమ్మలూ అడిగేదే అడిగింది.

"బాగున్నారా?"

"బాగున్నామమ్మా" అని ఇద్దరం ఒకేసారి అన్నాం. తాడు నేనే తీశాను.